ఆరేళ్ల స్టోయిక్ సాధన తర్వాత

2019లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఎపిక్టెటస్ దొరికాడు. చాలా పల్చటి పుస్తకం. రోమన్ల కాలంలో బానిసగా బతికి, స్వేచ్ఛ దొరికాక బడి పెట్టి పాఠాలు చెప్పిన మనిషి. తను ఏమీ రాయలేదు, చెప్పినవి శిష్యుడు అర్రియన్ రాసిపెట్టాడు. ఆయన నేర్పిన తత్వాన్ని స్టోయిక్ తత్వం అంటారు. అప్పట్నుంచి రోజూ ఆ సాధన చేస్తున్నాను. నేను మొదలుపెట్టింది మనశ్శాంతి కోసం. పొరపాటు అక్కడే జరిగింది.

ముందు పనికొచ్చింది చెబుతాను. స్నానశాలకి బయల్దేరే ముందు అక్కడేం జరుగుతుందో తలచుకోమంటాడాయన: నీళ్లు చిమ్ముతారు, తోసుకుంటారు, తిడతారు, బట్టలు ఎత్తుకుపోతారు. నా స్నానశాల మెట్రో. లక్డీకాపూల్‌లో ఆఫీసు, కేపీహెచ్‌బీలో ఇల్లు. సాయంత్రం అమీర్‌పేటలో ఎక్కే జనాన్ని ముందే తలచుకుని రైలెక్కుతాను. కాలు తొక్కుతారు, బ్యాగు మొహానికి తగులుతుంది, ఎవరో చెవి పక్కనే వీడియో పెడతారు. రెండు నెలలు చేసేసరికి, ఇంటికి రాగానే పిల్లల మీద విసుక్కోవడం తగ్గిందని మా ఆవిడే అంది.

అప్పుడప్పుడు కొన్ని రోజులు అతి తక్కువ తిండితో, ముతక బట్టతో బతకమని ఇంకో రోమన్ స్టోయిక్ సెనెకా చెప్పినదానికి దగ్గర్లో నెలకో పూట ఉపవాసం పెట్టుకున్నాను. ఏకాదశులు చూసి పెరిగిన ఇంట్లో దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

నన్ను దెబ్బతీసిన సాధన కూడా ఉంది. బిడ్డని ముద్దుపెట్టుకునేటప్పుడు, ముద్దుపెడుతున్నది చావున్న మనిషినని గుర్తుచేసుకోమంటాడు ఎపిక్టెటస్. 2021లో అమ్మ పోయినప్పుడు దాన్నే పట్టుకుని కూర్చున్నాను. పదకొండు రోజులూ కన్నీళ్లు రానివ్వలేదు. "నీకేం అనిపించట్లేదా అన్నయ్యా?" అని చెల్లి అడిగితే, గట్టివాణ్ణయ్యాననుకున్నాను. ఆప్తులు పోతే కళ్లు తడి లేకుండా ఉండకూడదు, పొర్లిపోనూ కూడదు అని సెనెకా ఒక ఉత్తరంలో రాశాడని ఏడాది తర్వాత చదివాను. అది ముందే చదివుంటే చెల్లి పక్కన కూర్చుని ఏడ్చేవాణ్ణి.

క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో ఏథెన్సులో బొమ్మలు వేసిన వసారాలో జెనో పాఠాలు చెప్పేవాడు. వసారాని గ్రీకులో స్టోవా అంటారు, ఆ పేరే ఈ తత్వానికి వచ్చింది. వాళ్లు మంచితనాన్ని నాలుగుగా చూశారు: వివేకం, ధైర్యం, న్యాయం, నిగ్రహం. అన్నేళ్లూ నేను వాడుకున్నది నిగ్రహం ఒక్కటే. అది తెలిసొచ్చింది మా అపార్టుమెంట్ సెల్లార్‌లో.

పోయినేడు బోరు మోటార్ కాలిపోయింది. వాచ్‌మన్ ఆపడం మర్చిపోయాడని అసోసియేషన్ మీటింగ్‌లో తేల్చి, అతని జీతంలో మూడు వేలు కోద్దామన్నారు. స్టార్టర్ సతాయిస్తోందని అతను రెండుసార్లు చెప్పడం నేను విన్నాను. అయినా నోరు మెదపలేదు. మన చేతిలో ఉన్నదీ లేనిదీ వేరుచేసి చూడమని ఎపిక్టెటస్ చెప్పినదాన్ని పట్టుకుని, 'పదిమంది నిర్ణయం నా చేతిలో లేదు' అనుకుని పైకొచ్చి అన్నం తిన్నాను. మనసు ప్రశాంతంగానే ఉంది. ఇవాళ తలచుకుంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ ప్రశాంతతే.

పడుకునే ముందు వేసుకోమని ఎపిక్టెటస్ గుర్తుచేసే ప్రశ్నలు మూడు. అవి పైథాగరస్ అనుయాయుల పద్యాల్లోవి. ఎక్కడ తప్పాను? ఏం చేశాను? చేయాల్సింది ఏది చేయలేదు? రోజూ నోటుబుక్కులో మూడిటికీ జవాబు రాస్తాను. ఆ రాత్రి మూడోదాని కింద 'వాచ్‌మన్, స్టార్టర్' అని రెండే మాటలు పడ్డాయి. అన్యాయం చేయడంలోనే కాదు, చేయకుండా ఊరుకోవడంలో కూడా చాలాసార్లు ఉంటుందని మార్కస్ అరీలియస్ తన కోసం రాసుకున్నాడు. ఒకవైపు యుద్ధాలు, ఇంకోవైపు మహమ్మారి నడుస్తుండగా 161 నుంచి 180 దాకా రోమును ఏలినవాడు. అంతమంది బతుకులు చేతిలో ఉన్నవాడికే ఆ హెచ్చరిక కావాల్సివచ్చింది. వాళ్ల నిర్ణయం నా చేతిలో లేదు, నిజమే. నా నోరు నా చేతిలోనే ఉంది కదా.

మర్నాడు ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చి స్టార్టర్ విప్పించాను. లోపల కాంటాక్టులు అతుక్కుపోయాయి, బటన్ నొక్కినా మోటార్ ఆగదు. సెక్రటరీని కిందికి పిలిచి చూపించాను. మళ్లీ మీటింగ్ పెట్టడానికి మూడు వారాలు పట్టింది, ఈలోగా జీతం కోసేశారు. ఒకాయన ఇప్పటికీ లిఫ్టులో నన్ను చూసి మొహం తిప్పుకుంటాడు. దానికి మాత్రం ఆ మెట్రో సాధన బాగా పనిచేస్తోంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఇచ్చేది ఆ మూడో ప్రశ్నే. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

కోసిన డబ్బు తిరిగి ఇచ్చిన రోజు వాచ్‌మన్‌కి జరిగిందంతా చెప్పాను. అతను నోట్లు జేబులో పెట్టుకుని, "మీరు ఆ రోజు మీటింగ్‌లనే ఉన్నరు గద సార్" అన్నాడు. నేను ఉన్నానన్నాను.