అంగుళం దించిన హెరాల్డ్: ఏళ్ల వాడకం తర్వాత

అప్పట్లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను స్పోర్ట్స్ కారు అంటే హనుమకొండలో నవ్వుతారు. నవ్వనీయండి. 1962లో బ్రిటన్‌లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి కట్టారు. అందుకే స్పిట్‌ఫైర్ వాళ్లు చేయించే పనే నేనూ చేయించా: ముందు పొట్టి స్ప్రింగులు, వెనక డిఫరెన్షియల్‌కూ (ఇంజన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే పెట్టె) కమాన్ కట్టకూ మధ్య అల్యూమినియం దిమ్మ, దానికి తగ్గ పొడవు స్టడ్లు. బండి ఒక అంగుళం కిందికొచ్చింది.

లాభం ఎక్కువగా వెనకే. ఇది స్వింగ్ యాక్సిల్ కదా, అంటే ఇరుసు డిఫరెన్షియల్ దగ్గరే మడుగుతుంది, చక్రం లేచినా దిగినా దాని వాలు మారుతుంది; మలుపులో గట్టిగా తిప్పి యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం లేచి, బయటి చక్రం కిందికి ముడుచుకుంటుంది. ఈ జబ్బుకే 1970 స్పిట్‌ఫైర్‌లో కమాన్ కట్ట మార్చారు. హెరాల్డ్ తర్వాత వచ్చిన మన 1972 స్టాండర్డ్ గెజెల్‌లోనైతే యాక్సిలే వేరే. అంగుళం దించితే వెనక చక్రాలు రెండు డిగ్రీలకు పైగా పైన లోపలికి వాలతాయి, ఆ ముడుచుకోవడం బాగా తగ్గుతుంది. ములుగు దగ్గర గట్టమ్మ మలుపులో ఇప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టబుద్ధి కాదు.

అసలు పని ముందు చక్రాలది. అలైన్‌మెంట్ మిషన్ మీద లెక్కలన్నీ పచ్చగా వచ్చినా, గతుకు పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే గుంజేది. "మిషన్ నిలబడ్డ బండినే జూస్తది అన్నా, ఉరికే బండిని కాదు" అన్నాడు మా మెకానిక్. స్ప్రింగ్ తీసేసి, హబ్‌కు పొడవైన చెక్కపట్టీ బిగించి, జాకీతో చక్రాన్ని అర అంగుళం చొప్పున లేపుతూ పట్టీ రెండు కొసలూ గోడకు ఎంత దూరంలో ఉన్నాయో కాగితంపై పెన్సిల్‌తో రాసుకున్నాం. చక్రం లేస్తున్నకొద్దీ ఆ రెండు దూరాల తేడా మారుతోంది, అంటే టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండడం) మారుతోంది. స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) కింద పల్చని రేకులు వేసి ఎత్తు సరిచేస్తే ఆ తేడా దాదాపు మారకుండా నిలిచింది. అప్పుడే డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టి టో పెట్టించాం. చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ దగ్గరి షిమ్‌లతో (పల్చని రేకులు) క్యాంబర్ అర డిగ్రీ నెగెటివ్, అంటే చక్రం పైభాగం అర డిగ్రీ లోపలికి. రబ్బరు బుష్షుల బోల్టులు మాత్రం బండి నేల మీద ఉన్నప్పుడే బిగించాలి. జాకీ మీద బిగిస్తే బుష్షులు మెలిపడి తొందరగా చీలతాయి.

ఇక కష్టాలు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే చక్రాలు మరీ వాలి, టైర్ల లోపలి అంచు అరుగుతుంది. ముందూ వెనకా మార్చుకుంటూ నెట్టుకొస్తున్నా. కాలనీ స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటకపోతే సైలెన్సర్ గీసుకుంటుంది. పనిలో పనిగా ముందు ట్రనియన్లలో (ముందు చక్రం స్టీరింగ్‌తో పాటు తిరిగే కింది కీళ్లు) గ్రీజు కొట్టనివ్వకండి, వాటికి గేర్ ఆయిలే.

రెండు అంగుళాలు దించుదామని అడిగేవాళ్లకు నేను వద్దనే చెబుతా. మన రోడ్లకు ఆ స్ప్రింగులో ఆడే చోటే మిగలదు. డబ్బు అంతంతే ఉంటే వెనక దిమ్మ ఆపి, ముందు రాక్ ఎత్తు చూపించుకోండి.