రీసబ్మిషన్ థీసిస్‌కు డీటీపీ షాపు: ఏ పని ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం... ఏ ఊళ్లోనైనా థీసిస్ పని పట్టే డీటీపీ షాపు ఉంటుంది. మొదటిసారి సబ్మిట్ చేసేటప్పుడు వీటితో పెద్ద ఇబ్బంది రాదు. ఎగ్జామినర్ "సవరించి మళ్లీ సమర్పించాలి" అని తిప్పి పంపిన థీసిస్ సంగతి వేరు. ఈ సమీక్ష ఆ రెండో పనికి మాత్రమే. మా మార్కులు ఇవీ: ప్రింటింగు, బైండింగుకు ఐదుకి నాలుగున్నర, తెలుగు ఫైల్లో సవరణలకు మూడు, "పర్సంటేజీ (ఇతరుల రచనలతో పోలిక శాతం) తగ్గించి పెడతాం" అనే సేవకు సున్నా.

ముందు ఆ సున్నా సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ఈ పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 లోపుంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య పడితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఈ భయం మీదే షాపుల్లో బేరం నడుస్తుంది. వాళ్లు చేసేదల్లా మాటకు పర్యాయపదం పెట్టడం, ఇంగ్లిషు ‘ఎ’ బదులు అచ్చం అలాగే కనబడే రష్యన్ అక్షరం దూర్చడం, పేరాను బొమ్మగా మార్చి అతికించడం. మారిన అక్షరాలనీ, దాచిన పాఠాన్నీ సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు విడిగా ఎత్తి చూపిస్తున్నాయి. పైగా థీసిస్ ఎక్కువగా వెళ్లేది పాత ప్రతి చదివిన ఎగ్జామినర్ దగ్గరికే. "నమూనా" ఉన్నచోట "మచ్చు" కనబడితే ఆయనకు అర్థం కాదా?

డబ్బు పెట్టక ముందు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పోలిక రిపోర్టు సెట్టింగులు చూడండి. ఉపయుక్త గ్రంథాల పట్టిక, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, వరసగా 14 పదాల వరకు వచ్చే సాధారణ విషయం నిబంధనల ప్రకారం లెక్కలోకి రావు. ఇవి తీయకుండా ఇచ్చిన రిపోర్టు చూసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. మీ సొంత పేపరుతో కలిసిన భాగం ఉంటే గైడ్‌తో మాట్లాడి ఆ సంగతి రాతపూర్వకంగా చూపించాలి. దాన్ని షాపువాడి చేత తిరగరాయించడం అనవసరం.

ఇక తెలుగు ఫైలు. అసలు చిక్కంతా ఇక్కడే. తెలుగు శాఖ థీసిస్‌లు చాలావాటిని ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతోనే కొడుతున్నారు. ఆపరేటర్ల వేగానికి వంక పెట్టలేం, కీబోర్డు చూడకుండా కొట్టేస్తారు. కానీ అను పాఠం లోపల ఉన్నవి ఇంగ్లిషు సంకేతాలే, పైకి మాత్రం తెలుగు బొమ్మ. అందుకే పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి, పోలిక చూసే సాఫ్ట్‌వేరూ చదవలేదు. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లోకి మార్పించండి, అయితే మార్చాక ప్రూఫు తప్పనిసరి. మధ్యలో వచ్చే ఇంగ్లిషు పేర్లు, అంకెలు, పుట సంఖ్యలు కూడా కన్వర్టర్ తెలుగనుకుని మార్చేస్తుంది. ‘ప్ర’, ‘క్ర’లలో ర వత్తు పక్క అక్షరానికి ఎక్కుతుంది. ఉటంకింపు గుర్తులు అక్షరాలైపోతాయి. ఫుట్‌నోట్లను పాత ప్రింటు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూడాలి.

యూనికోడ్‌లోకి వస్తే ఇంకో లాభం. వర్డ్‌లో రివ్యూ కింద ‘కంపేర్’ నొక్కి పాత ఫైలు, కొత్త ఫైలు ఇస్తే మార్పులన్నీ గుర్తులతో మూడో ప్రతి తయారవుతుంది. పేజ్‌మేకర్‌లో ఆ సౌకర్యం లేదు. కాబట్టి షాపులో పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి, మార్పులు చేసుకోగల ఓపెన్ ఫైలు కూడా అడగండి. "ఓపెన్ ఫైలు ఎందుకండీ, పీడీఎఫ్ చాలదాండీ?" అని గోదావరి మర్యాదతోనే తప్పిస్తారు. బిల్లు కట్టేముందే పెన్‌డ్రైవ్‌లో వేయించుకోవాలి.

సవరణల పట్టిక షాపుకు వదలొద్దు. ఎగ్జామినర్ వ్యాఖ్య ఆయన మాటల్లోనే ఒక గడిలో, మీరు చేసింది రెండో గడిలో, పాత పుట, కొత్త పుట తర్వాతి గడుల్లో రాయండి. ఒప్పుకోని వ్యాఖ్యకు గడి ఖాళీగా వదలకుండా ఆధారంతో కారణం రాయాలి. పుట సంఖ్యలు చిట్టచివర నింపండి. రెండో అధ్యాయంలో పేరా పెరిగితే అయిదో అధ్యాయం పట్టికల దాకా అన్నీ జరుగుతాయి. వర్డ్‌లోనే చేసిన విషయసూచికైతే కంట్రోల్ ఎ, ఎఫ్9 నొక్కితే మారుతుంది. చేత్తో కొట్టినదైతే ఎవరో ఒకరు కూర్చుని దిద్దాల్సిందే.

ప్రింటుకు మాత్రం నిశ్చింతగా వెళ్లొచ్చు. 280 పుటలు ఒకవైపు ప్రింటు, 5 కాపీలంటే 1,400 కాగితాలు, అంటే దగ్గరదగ్గర మూడు రీములు. 75 జీఎస్‌ఎమ్ కాగితం మీద ఒక్కో ప్రతి ఇంచుమించు 1.3 కిలోలు తూగుతుంది. ఎడమ మార్జిన్ 1.5 అంగుళం ఉందో లేదో చూడండి. లేకపోతే కుట్టులోకి అక్షరాలు పోతాయి. వైవా అయ్యేదాకా స్పైరల్ లేదా సాఫ్ట్ బైండింగ్ ఒప్పుకునే యూనివర్సిటీ అయితే రెక్సిన్, బంగారు అక్షరాల జోలికి అప్పుడే పోకండి. వైవాలో మళ్లీ కరెక్షన్ చెబితే అట్ట చింపాల్సి వస్తుంది.

వానాకాలం మన డెల్టాలో కాగితం తేమ పీలుస్తుంది. రీము ముందే విప్పి పెడితే లేజర్ ప్రింటర్ వేడికి అంచులు ముడుచుకుని ఇరుక్కుంటాయి. మైదా జిగురు ఆరకుండా అట్ట ఇస్తే వంగిపోతుంది. పాతకాలం బైండర్లు ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు, బూజు, పురుగు పట్టకుండా. ప్రెస్సు కింద కనీసం ఒక రాత్రి ఉంచమని అడగండి. మాఘం, శ్రావణం పెళ్లిళ్లప్పుడు అదే ఆపరేటరు శుభలేఖల్లో మునిగి ఉంటాడు. గడువు ఆ నెలల్లో పడితే ముందే మాట తీసుకోండి.

థీసిస్‌లను ఆన్‌లైన్లో భద్రపరిచే శోధగంగ కోసం అధ్యాయాలవారీ పీడీఎఫ్‌లు వేరేగా చేయించాలి. ఫైళ్ల నంబర్లు ఇలా ఉంటాయి: 01 శీర్షిక, 02 తొలి పుటలు, 03 విషయసూచిక, ఆ తర్వాత సారాంశం, అధ్యాయాలు. 80 అనే నంబరు పెట్టే చివరి ఫైల్లో శీర్షిక పుట, ముగింపు అధ్యాయం కలిసి ఉండాలి. షాపులు చాలావరకు ఈ 80ని మర్చిపోతాయి. ఫాంట్లు పీడీఎఫ్‌లో పొదిగి ఉన్నాయో లేదో ఆ ఫాంట్లు లేని వేరే కంప్యూటర్లో తెరిచి చూశాకే డబ్బివ్వండి.