వైజాగ్ సీతమ్మధారలో లివర్ చెకప్, రోజూ బీరు తాగేవాళ్లు చేయించుకోండి

మా అన్నయ్యది గాజువాక, డ్యూటీ అయ్యాక రోజూ ఒక స్ట్రాంగ్ బీరు పడాల్సిందే, పదేళ్ల నుంచీ ఇదే, ఏమన్నా అంటే బీరే కదరా విస్కీ కాదు కదా అంటాడు. పట్టుబట్టి సీతమ్మధారలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి తీసుకెళ్లా. పరగడుపున రక్తం తీసారు, సాయంత్రానికల్లా రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చేసింది. జీజీటీ (లివర్ ఎంజైమ్), ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు), యూరిక్ యాసిడ్ మూడూ ఎక్కువే, స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని తేలింది.

నాకు బాగా నచ్చింది ఏంటంటే అక్కడి డాక్టర్ గారు తిట్టకుండా కూర్చోబెట్టి లెక్క చెప్పారు, 650 ఎంఎల్ బాటిల్‌లో 8 శాతం అంటే 52 ఎంఎల్ ఆల్కహాల్, 30 ఎంఎల్ విస్కీ పెగ్గులు 4 వేసినట్టే!! అన్నయ్య మొహం మారిపోయింది. లివర్ ముందు ఆల్కహాల్ పని చూసుకుంటుందంట, ఈలోపు కొవ్వు పేరుకుపోతుందంట, ఈ దశలో మానేస్తే చాలావరకు తగ్గుతుందన్నారు. డబ్ల్యూహెచ్ఓ కూడా 2023లో ఎంత తక్కువ తాగినా సేఫ్ కాదనే చెప్పింది. మానేటప్పుడు చేతులు వణుకుతుంటే మాత్రం సొంతంగా ఆపేయకండి, డాక్టర్‌ని అడిగే ఆపండి.

పార్కింగ్ కష్టం, బైక్ మీద వెళ్లండి. అన్నయ్య మానేసి 20 రోజులైంది, సాయంత్రాలు బీచ్ రోడ్‌లో నడుస్తున్నాడు, నాకు చాలా హ్యాపీగా ఉంది.