ఆకు తిప్పనిస్తేనే అది పుస్తకం: మహిళల పుస్తక కళపై ఆన్‌లైన్ ప్రదర్శనలు

మ్యూజియంలో పాత పుస్తకాన్ని అద్దాల పెట్టెలో తెరిచి పెడతారు. కనిపించేవి రెండే పుటలు. మిగతా పుస్తకమంతా వాటి కిందే ఉండిపోతుంది. అందుకే చిత్రపటం కన్నా, శిల్పం కన్నా పుస్తకానికే ఆన్‌లైన్ ప్రదర్శన ఎక్కువ మేలు చేయాలి. చాలా సైట్లు ఆ అవకాశాన్ని చేజార్చుకుంటున్నాయి. అందమైన నాలుగు బొమ్మలు ఏరి, పెయింటింగుల్లా గోడకు తగిలించినట్టు చూపించి ఊరుకుంటున్నాయి. అట్ట నుంచి అట్ట దాకా వరుస ఉందా, బొమ్మకు ఎదుటి పుటలోని రాత ఉందా, కొలత చెప్పారా అన్నవి చూసుకుంటే ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేలిపోతుంది.

ముందుగా చూడాల్సింది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ డిజిటల్ కలెక్షన్స్‌లో ఉన్న, ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్ పుస్తకం, 'ఫొటోగ్రాఫ్స్ ఆఫ్ బ్రిటిష్ ఆల్గే' (బ్రిటన్ నాచుల ఫొటోలు). ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా దీన్నే లెక్కిస్తారు. మొదటి భాగం 1843 అక్టోబరులో వచ్చింది. 1853 దాకా భాగాలుగా వస్తూనే ఉంది. ఇందులో అచ్చుయంత్రం పనే లేదు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి కాగితానికి పూసి ఆరబెట్టాలి. దాని మీద సముద్రపు నాచును పరిచి, అద్దంతో అదిమి ఎండలో పెట్టి, ఆ తర్వాత నీళ్లలో కడగాలి. ఎండ తగిలిన మేర ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం అవుతుంది. నాచు అడ్డుపడిన చోట మందు నీళ్లలో కలిసిపోయి కాగితం తెల్లగా మిగులుతుంది. 1842లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హర్షెల్ కనిపెట్టిన, సైనోటైప్ అనే ఈ పద్ధతే తర్వాతి కాలంలో ఇంజనీర్ల బ్లూప్రింట్ అయింది. నాచుల పేర్లు, ముందుమాట కూడా ఆమె చేతిరాతే, అదే నీలంలో. లైబ్రరీ దగ్గరున్న ఈ ప్రతి ఒకప్పుడు హర్షెల్‌దే.

ఏదో ఒక పుటను బాగా జూమ్ చేసి చూడండి. తెలుపు అంతా ఒకే తెలుపు కాదని తెలుస్తుంది. పలచని రెమ్మలోంచి ఎండ కొంత దూరుతుంది కాబట్టి అక్కడ లేతనీలం వస్తుంది. రెండు రెమ్మలు ఒకదాని మీద ఒకటి పడిన చోట చిక్కటి తెలుపు వస్తుంది. కాడ పక్కన అంచు మసకగా ఉందంటే, అక్కడ కాడ లావుగా ఉండి కాగితానికి ఆనలేదన్న మాట. కెమెరా వాడని పద్ధతి కాబట్టి నాచు ఎంతుందో బొమ్మా అంతే ఉంటుంది. ఈ పుస్తకానికి ప్రాణం ఇదే. తెరమీద మొదట పోయేదీ ఇదే.

దానికి ఒక ఉపాయం ఉంది. పుట ఎత్తు సుమారు 25 సెంటీమీటర్లు, వెడల్పు 20. తెరకు స్కేలు ఆనించి, పుట ఎత్తు 25 సెంటీమీటర్లు అయ్యేదాకా జూమ్ చేయండి. 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర ఎత్తు ఇరవై సెంటీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి పుట మొత్తం పట్టదు. 24 అంగుళాల మానిటర్‌లో దాదాపు 30 ఉంటుంది, హాయిగా పడుతుంది. ఫోన్‌లో చూస్తే గోరంత నాచు, మూరెడు నాచు ఒకేలా కనిపిస్తాయి. వివరాలు చదువుకోవడానికి ఫోన్ చాలు గానీ, పుస్తకం చూడ్డానికి చాలదు.

ఇంకో పొరపాటు చాలామందికి తెలియకుండానే జరుగుతుంది. రాత్రిపూట కళ్లకు శ్రమ తగ్గించే నైట్ లైట్, ఐ కంఫర్ట్ సెట్టింగులు తెరలోని నీలాన్నే తగ్గిస్తాయి. ఆ సెట్టింగుతో అట్కిన్స్ పుస్తకం తెరిస్తే ప్రష్యన్ బ్లూ కాస్తా పచ్చబారిన బూడిదరంగులోకి దిగుతుంది. స్కాన్ బాగా లేదని అనుకునే ముందు దాన్ని ఆపి చూడండి.

డౌన్‌లోడ్ విషయంలో ఈ లైబ్రరీకి నూటికి నూరు మార్కులు. కాపీరైటు లేని లక్షా 80 వేలకు పైగా వస్తువుల పెద్ద ఫైళ్లను, అనుమతి అడగనక్కర్లేకుండా 2016 జనవరిలో అందరికీ వదిలేశారు. టిఫ్ ఫైలు చాలా బరువు, కొన్ని ఫోన్లలో తెరుచుకోదు కూడా. ఎ4లో ప్రింటు తీసుకోవడానికి 2480 × 3508 పిక్సెళ్ల జేపెగ్ ఉంటే చాలు. డిజిటల్ ప్రింటు షాపులో నీలం ఊదారంగుకు తిరగడం మామూలే, ఎందుకంటే తెర చూపించే కొన్ని నీలాలు నాలుగు రంగుల సిరాల్లో రావు. ముందు ఒక్క కాపీ తీయించి చూసుకోండి. కాగితం మాట్‌దే అడగండి, గ్లాసీ మీద ఇది క్యాలెండర్ బొమ్మలా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. అట్కిన్స్ ఈ పుటలను విడి భాగాలుగా పంచింది, అందుకున్నవాళ్లు ఎవరికి వాళ్లు బైండు చేయించుకున్నారు. అందుకే ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక సైటులో చూసిన పుట సంఖ్యతో ఇంకో సైటులో వెతికితే దొరకదు. నాచు లాటిన్ పేరుతో వెతకండి.

ఇక పురుగులను, మొక్కలను గీసిన జర్మన్ చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్. 1699లో చిన్న కూతురితో కలిసి దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్‌కు వెళ్లి, అక్కడి పురుగులు గుడ్డు నుంచి రెక్కల దాకా ఎలా మారతాయో ఏ చెట్టు మీద మేస్తాయో ఆ చెట్టుతో సహా గీసింది. 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 60 బొమ్మలతో పుస్తకం తెచ్చింది. మొదటి బొమ్మ పూతకొచ్చిన అనాస, దాని మీద బొద్దింకలు. పద్దెనిమిదో బొమ్మలో జామకొమ్మ మీద సాలీళ్లు, చీమలు, సాలీడు వాతపడిన చిన్న పిట్ట.

నలభై ఐదో బొమ్మ దగ్గర మాత్రం ఆగాలి. మన పెరళ్లలో పెరిగే రత్నగంధి అది, ఎరుపూ పసుపూ పూలతో. మెరియన్ దాన్ని 'ఫ్లోస్ పావోనిస్', అంటే నెమలి పువ్వు అంది. ఎదుటి పుటలో ఆమె రాసింది చదివితే బొమ్మ ఇంకోలా కనిపిస్తుంది. డచ్ యజమానుల చేతుల్లో బాధలు పడే బానిస స్త్రీలు, తమ బిడ్డలు బానిసలు కాకూడదని ఈ గింజలతో గర్భం పోగొట్టుకుంటారని, ఆ మాట వాళ్లే తనతో చెప్పారని రాసింది. బొమ్మ ఒక్కటే పెట్టిన ప్రదర్శనలో ఇది అందమైన పూలకొమ్మ, అంతే. ఆ స్త్రీల మాట చేరని ప్రదర్శన ఎంత పెద్ద మ్యూజియంది అయినా మెరియన్‌కు అన్యాయం చేసినట్టే.

రాతతో సహా చదవాలంటే, పాత ప్రకృతిశాస్త్ర పుస్తకాల ఆన్‌లైన్ గ్రంథాలయం బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలోని స్కాన్‌లు మేలు. పుటల వరుస చెడదు, కావాల్సినవే పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. తెరిచే ముందు ముద్రణ సంవత్సరం చూడండి. ఆమె చనిపోయాక 1719లో వచ్చిన ముద్రణలో బొమ్మలు 72, చివర్లో చేరినవి ఆమె 1705 పుస్తకంలో లేవు. రంగులు ప్రతికో తీరుగా ఉంటాయి, ఎందుకంటే అవి చేత్తో అద్దినవి. కొన్ని బొమ్మలు కుడి ఎడమలు తారుమారై కనిపిస్తే అది స్కాన్ తప్పు కాదు. తడి ఆరని ముద్ర మీద మరో కాగితం నొక్కి తీసిన ప్రతులు అలాగే వస్తాయి, వాటిలో గీతలు మెత్తగా ఉంటాయి. రంగుల నాణ్యత కోసం బ్రిటన్ రాయల్ కలెక్షన్ ట్రస్ట్ సైటు చూడండి. అక్కడివి దూడచర్మం మీద కొంత అచ్చు, కొంత చేతిపనితో చేసిన బొమ్మలు. పాత పేరుతో దొరకకపోతే మొక్క ఇప్పటి లాటిన్ పేరుతో, అదీ కాకపోతే బొమ్మ సంఖ్యతో ప్రయత్నించాలి.

ఇప్పటి కళాకారిణుల పుస్తకాల కోసం వాషింగ్టన్‌లోని నేషనల్ మ్యూజియం ఆఫ్ విమెన్ ఇన్ ది ఆర్ట్స్‌కు రావాలి. 1987లో తెరిచిన ఈ మ్యూజియం లైబ్రరీలో ఆర్టిస్ట్ బుక్స్, అంటే కళాకారులు కళాఖండాలుగా చేసిన పుస్తకాలు, వెయ్యికి పైనే ఉన్నాయి. సొంత సైటులోనూ, గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లోనూ ప్రదర్శనలు పెడుతుంది. ఎంపిక, వ్యాఖ్య బాగుంటాయి. ఇబ్బంది పుస్తకాల స్వభావంలోనే ఉంది. అమెరికన్ పుస్తక కళాకారిణి జూలీ చెన్ లాంటివాళ్ల పుస్తకం పెట్టెలోంచి విప్పుకుంటూ, తిప్పుకుంటూ చదవాల్సినది. ఎదురుగా తీసిన ఒక్క ఫొటోలో ఆ కదలిక ఉండదు. వీడియో ఉంటే ముందు అది చూడండి, అందులో చేతులు కనిపిస్తే ఇంకా మంచిది, కొలత వెంటనే తెలుస్తుంది. బతికున్న కళాకారుల పని కాపీరైటులో ఉంటుంది కాబట్టి మొత్తం పుటలు, డౌన్‌లోడు ఆశించకూడదు. అది మ్యూజియం పిసినారితనం కాదు.

ఎక్కడ చూసినా వివరాలు దాదాపు ఇంగ్లీషులోనే. బ్రౌజర్ తెలుగు అనువాదం భావం పట్టుకోవడానికి పనికొస్తుంది గానీ, బొమ్మ పలక అన్న అర్థంలోని ప్లేటు అన్నం ప్లేటు అయిపోవచ్చు, పేర్లు చెడిపోవచ్చు. వివరాలు రాసుకునేటప్పుడు అసలు భాషలోనే రాసుకోండి. ప్రదర్శన పేజీ లింకు ఒక్కటే దాచుకోకండి. ప్రదర్శనలు సైటు మార్చినప్పుడు మాయమవుతుంటాయి. ఆ వస్తువు కేటలాగు పేజీ లింకును, దాని నమోదు సంఖ్యను, బొమ్మ సంఖ్యను కలిపి ఒకచోట రాసిపెట్టుకుంటే, లింకు పనిచేయకపోయినా సంఖ్యతో వెతికి పట్టుకోవచ్చు.