సెకండ్ హ్యాండ్ టెలీ లెన్స్ కొనేవాళ్లు జాగ్రత్త, నాకు 48 వేలకి మేడిపండు అంటగట్టారు

బెజవాడలో పాత కెమెరాలు అమ్మే ఒక షాపులో (పేరు పెట్టట్లేదు, గొడవలొద్దు) పోయిన నెల 150-600 జూమ్ (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా లాగి చూపించే టెలీ లెన్స్) కొన్నా. పైన గీత లేదు, రింగు మెత్తగా తిరుగుతోంది, గుమ్మంలో నిలబడి ఎదురు షాపు బోర్డుకి నాలుగు ఫోటోలు తీస్తే అక్షరాలు కత్తిలా వచ్చాయి, ఇంకేం చూడాలనుకుని ఫోన్‌పే కొట్టేసి గుంటూరు బస్సెక్కేశా. అక్కడే బోల్తా పడ్డా.

ఆ ఆదివారం సూర్యలంక బీచ్‌కి వెళ్లాం. నాకు కావాల్సింది సిలౌట్లు, పొద్దు కుంకేటప్పుడు ఎర్రటి ఆకాశం ముందు పక్షి నల్లగా బొమ్మ గీసినట్టు. మనది తూర్పు తీరం, పొద్దు సముద్రంలో పొడుస్తుందిగానీ కుంకేది ఊరి వైపే, అందుకని అలలకి వీపు పెట్టి వెనకాల నీళ్లు నిలిచిన చోట కూర్చోవాలి, ఇది తెలీక అలల వైపే కెమెరా పెట్టుకుని కూర్చునేవాళ్లని ఎంతమందిని చూశానో. కొంగలు దొరికాయి. ఎక్స్‌పోజర్ (ఎంత వెలుగు తీసుకోవాలన్న లెక్క) సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద తీసుకున్నా, పైగా మైనస్ ఒకటి, అంటే ఇంకో మెట్టు చీకటిగా. అయినా కొంగ నల్లగా రాదే! ఫ్రేమంతా పాలు కలిపినట్టు, కొంగ బూడిద రంగులో. ఫిల్టర్ తీశా, గ్లాసు తుడిచా, ఊహూ. మా బావమరిది పాత 70-300 లెన్స్ లాక్కుని తీస్తే అదే కొంగ, అదే వెలుగు, కాటుకలా వచ్చింది.

ఇంటికొచ్చి రెండు మూతలూ తీసి చీకట్లో ఒక వైపు నుంచి టార్చ్ కొట్టి ఇంకో వైపు నుంచి చూస్తే లోపలి గ్లాసు మీద సాలెగూడు లాంటిది. ఫంగస్, అంటే బూజు. వెలుగు మన వెనకుంటే ఇది పెద్దగా బయటపడదు, అందుకే బోర్డు ఫోటో బాగా వచ్చింది, సూర్యుడు ఎదురుగా ఉంటే మాత్రం ఆ వెలుగు ఫంగస్ మీద పడి చెదిరి నలుపులోకి పాకేస్తుంది. సర్వీసు ఆయన చూసి ఫంగస్ గ్లాసు మీది కోటింగ్ (పై పూత) తినేసింది, క్లీన్ చేసినా మచ్చ పోదన్నాడు. (ఫోటోలో అక్కడక్కడ నల్ల చుక్కలొస్తే అది వేరే, కెమెరా లోపల బొమ్మ పట్టే సెన్సార్ మీద దుమ్ము, దానికి లెన్స్‌ని తిట్టకండి.)

షాపుకెళ్తే "చూసుకునే కదా సార్ తీసుకున్నారు" అన్నాడు. కావాలంటే 22 వేలకి తిరిగి తీసుకుంటాడంట! నా దగ్గరున్నది కచ్చా బిల్లు, డేటు లేదు, సీరియల్ నంబర్ లేదు. సరైన బిల్లుంటే, వాపసు గడువు అందులో రాయకపోయినా, లోపమున్న సరుకుని 30 రోజుల్లో వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశా, చూద్దాం.

కాబట్టి కొనేముందు టార్చ్ కొట్టి చూడండి, లైటుకి ఎదురుగా ఏదైనా నల్లటి వస్తువు పెట్టి తీయండి, సీరియల్ నంబరుతో బిల్లు రాయించండి. ఎండలో సూర్యుడి మీద మాత్రం టెస్ట్ చేయొద్దు, ఆప్టికల్ వ్యూఫైండర్లోంచి (కెమెరాకి కన్ను ఆనించి చూసే అద్దంలోంచి) చూస్తే కళ్లు పోతాయి. ఫంగస్ భయంతో ఈ లెన్స్‌ని ఇంట్లో మిగతా లెన్సులకి దూరంగా విడిగా పెట్టా. వచ్చే ఆదివారం ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులకి ఆ 70-300తోనే, బావమరిది ఇస్తే.