పక్షుల ఫొటోలకు గాలి నింపే కయాక్: చాలాకాలం వాడాక

ఒడ్డున నిలబడి తీస్తే రాని ఫొటో పడవలో వస్తుందా అని చాలామంది అడుగుతారు. వస్తుంది, కారణం ఎత్తు. ఈ కయాక్‌లో కూర్చుంటే లెన్స్ నీటికి బాగా దగ్గరగా ఉంటుంది. ఈదే బాతు వీపు కాకుండా ముఖం కనిపిస్తుంది, వెనకున్న గట్టు మసకబారి పక్షి ఒక్కటే తేలుతుంది. నేను దీన్ని వదలకపోవడానికి ఇదొక్కటి చాలు.

రెండోది నిశ్శబ్దం. తెడ్డు అంచుకు తగిలినా గట్టి ప్లాస్టిక్ పడవలా టక్కుమనదు. నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉన్నట్టుండి మెడ నిక్కించి మనవైపు చూసిందంటే, అక్కడితో ఆగిపోవాలి. ఇంకో రెండు తెడ్లు వేస్తే ఎగిరిపోతుంది. గూళ్ల కాలంలో నేను అటు వెళ్లనే వెళ్లను. తల్లి లేస్తే గుడ్లు ఎండకు, కాకులకు దొరికిపోతాయి.

అసలు చిక్కు వీచే గాలితోనే. పడవ తేలిక, కెమెరా ఎత్తగానే ముక్కు పక్కకు తిరిగిపోతుంది. పడవను నేరుగా పోనిచ్చేలా వెనక అడుగున బిగించే చిన్న రెక్క, అంటే ఫిన్, తప్పనిసరి, నాచున్న లోతులేని చోట మాత్రం తీసేయాలి. అయితే అదే గాలి పనికొస్తుంది కూడా. పక్షులు ఎక్కువగా గాలికి ఎదురుగా లేస్తాయి కాబట్టి, గాలి మన వీపుకు తగిలేలా ఉంటే మనవైపే లేస్తాయి. ఎండ కూడా వెనక నుంచే ఉంటే ఆ రోజు పండగే!

ట్రైపాడ్ వద్దు, పడవ ఊగినప్పుడల్లా కెమెరా కూడా ఊగుతుంది. 100-400 ఎంఎం జూమ్ లెన్స్ చేత్తో పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి తీస్తాను. స్టెబిలైజేషన్ చేతి వణుకును తగ్గిస్తుంది కానీ పక్షి కదలికను ఆపదు. అందుకే ఎగిరేటప్పుడు షటర్ వేగాన్ని సెకనులో 1/2000 వంతుకి తగ్గనివ్వను, ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో వదిలేస్తాను. నల్లటి నీళ్ల మీద తెల్ల కొంగ ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) కాస్త తగ్గించాలి, లేదంటే ఈకల గీతలన్నీ తెల్లగా పోతాయి.

తెడ్డు ఎత్తినప్పుడు నీళ్లు కర్ర వెంట జారి చేతుల్లోకి వస్తాయి. కర్రకు రబ్బరు రింగులు వేసినా పూర్తిగా ఆగవు. లైఫ్ జాకెట్‌లో చిన్న తువ్వాలు పెట్టుకుని, చేతులు తుడుచుకున్నాకే కెమెరా ముట్టుకుంటాను. తీయనంతసేపూ అది నీళ్లు చొరని సంచిలోనే.

ఎండలో పడవకు గాలి నింపి చల్లటి నీళ్లలో దించితే కాసేపటికి మెత్తబడుతుంది, మళ్లీ పంపు కొట్టాలి. తడిగా మడిచిపెడితే బూజు పడుతుంది. చెరువులకు, నెమ్మదిగా పారే నదులకు ఇది సరిగ్గా సరిపోతుంది. గాలి ఎక్కువున్న పెద్ద జలాశయాలకు మాత్రం గట్టి పడవే కొనండి.