ఆమ్‌ట్రాక్ పాయింట్లు: ఒకే టికెట్టా, ముక్కలుగానా?

అమెరికా ప్యాసింజర్ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్‌లో న్యూయార్క్ నుంచి సియాటిల్‌కి వెళ్లాలంటే షికాగోలో బండి మారాలి. మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ తీసుకోవచ్చు, లేదా షికాగో దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకోటి కొనుక్కోవచ్చు.

ముక్కలు చేస్తే పాయింట్లు పెరుగుతాయనుకుంటారు చాలామంది. పెరగవు. ఆమ్‌ట్రాక్ ప్రయాణికులకి పాయింట్లిచ్చే గెస్ట్ రివార్డ్స్ పథకంలో టికెట్‌కి పెట్టే డాలరుకి 2 పాయింట్లు. ఒకే టికెట్ 200 డాలర్లయితే 400 పాయింట్లు. 90, 110గా విడిగా కొన్నా 180, 220 కలిపి అదే 400. బిజినెస్ క్లాస్‌కి మాత్రం 25 శాతం అదనం. ముక్కల ధరలు కలిపితే తక్కువైతే పాయింట్లూ తగ్గుతాయి, కానీ చేతిలో డబ్బు మిగులుతుంది. నాకైతే అదే మేలు.

అసలు తేడా షికాగోలో తెలుస్తుంది. న్యూయార్క్ నుంచి వచ్చే లేక్ షోర్ లిమిటెడ్ బండి ఆలస్యమై, సియాటిల్ వెళ్లే ఎంపైర్ బిల్డర్ బండి తప్పిపోయిందనుకోండి. ఒకే టికెట్ ఉంటే తర్వాతి ఏర్పాటు ఆమ్‌ట్రాక్ వాళ్లే చూస్తారు. విడి టికెట్లయితే ఆ టెన్షన్ మనదే. అందుకే బండి మారేచోట నేను ఒకే టికెట్ వైపే. మధ్యలో ఒకరోజు ఆగే పనుంటే విడిగా కొన్నా భయం లేదు. అప్పుడు మెంబర్ నంబర్ రెండు బుకింగ్‌లలోనూ ఉందో లేదో చూసుకోండి. రెండోదాంట్లో మర్చిపోవడం చాలా తేలిక.